బాడుగ బండికి బిళ్ల ఎందుకు? – ఇంగ్లండు కౌన్సిళ్ల టాక్సీ లైసెన్సుల చరిత్ర

ప్రత్యేక సంచిక కోసం తమ తమ శాఖల పనికి సంబంధించిన చరిత్ర ఏదైనా రాయమని సంఘ కార్యదర్శిగారు సభ్యులందరినీ కోరారు. రెవెన్యూ మిత్రులు జమాబందీ గురించీ, ట్రెజరీ మిత్రులు పాత చలానాల గురించీ రాస్తారు. మునిసిపల్ శాఖలో 1973 నుంచి 2009 వరకు గుమాస్తాగా మొదలై సూపరింటెండెంటుగా పదవీ విరమణ చేసిన నాకు మిగిలింది లైసెన్సుల సెక్షను. అందులోనూ బాడుగ బళ్ల లైసెన్సులు. జట్కాలకూ, రిక్షాలకూ నంబరు బిళ్లలు ఇచ్చి రిజిస్టరులో ఎక్కించిన చేతితో ఇంగ్లండు దేశపు టాక్సీ లైసెన్సుల గురించి రాయడం కొందరికి వింతగా ఉండవచ్చు. కాని మనం నింపిన ఆ రిజిస్టరు నమూనా పుట్టిన ఇల్లు అదే. పైగా మన సభ్యులలో చాలామంది పిల్లలు ఆ దేశంలో ఉన్నారు. వారిని చూడబోయినప్పుడు మనం ఎక్కేదీ ఆ బళ్లే.

మా అబ్బాయి దగ్గర కొన్ని నెలలు ఉన్నప్పుడు, కాలక్షేపానికి అక్కడి ఊరి గ్రంథాలయానికి వెళ్లేవాణ్ణి. కౌన్సిలు వారి లైసెన్సింగు నియమావళి అక్కడ దొరికింది. మనకు పాత వాసన పోదు కదా, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివాను. అక్కడి నుంచి వెనక్కు తవ్వుకుంటూ పోతే దాదాపు నాలుగు వందల ఏళ్ల చరిత్ర బయటపడింది. అందులో నాకు తోచిన ముఖ్యాంశం ఒక్కటే. బాడుగ బండి లైసెన్సు మొదట రాజుగారి వీధుల కోసం పుట్టింది, తరువాత ఖజానా కోసం పెరిగింది. చిట్టచివరకు గాని బండిలో కూర్చున్న మనిషి క్షేమం కోసం అన్న మాట స్థిరపడలేదు. అది స్థిరపడడానికి చెల్లించిన మూల్యం కూడా తక్కువ కాదు.

రాజుగారి వీధులు

లండను నగరంలో 1634లో బెయిలీ అనే ఒక మాజీ నౌకాధికారి నాలుగు గుర్రపు కోచీలను స్ట్రాండ్ వీధిలోని ఒక స్తంభం దగ్గర నిలబెట్టి, తోలేవాళ్లకు ఒకే రకం దుస్తులు తొడిగి, ఎక్కడికి ఎంత కిరాయి అన్నది ముందే నిర్ణయించాడు. లండనులో మొట్టమొదటి బండ్ల స్టాండుగా దీన్ని చెబుతారు. ఇతరులు కూడా బళ్లు తెచ్చి నిలబెట్టారు. వీధులు కిక్కిరిశాయి. మరుసటి ఏడాది, అంటే 1635లో, చార్లెస్ రాజు ఒక ప్రకటన జారీ చేశాడు. ఈ బాడుగ బళ్ల వల్ల రాజుగారి, రాణిగారి రాకపోకలకు అడ్డంకి అవుతోందనీ, వీధుల రాతిపరుపు చెడిపోతోందనీ, గడ్డి, దాణా ధరలు పెరుగుతున్నాయనీ అందులోని ఫిర్యాదు. నగరం లోపల తిరగడానికి వీలు లేదనీ, కనీసం మూడు మైళ్లు ఊరి బయటకు పోయే ప్రయాణమైతేనే బండి కట్టాలనీ ఆజ్ఞ. ప్రయాణికుడి ప్రసక్తి అందులో ఎక్కడా లేదు.

ఆజ్ఞలతో బళ్లు ఆగవు. అందుచేత 1654లో క్రామ్‌వెల్ ప్రభుత్వం వేరే దారి పట్టింది. బాడుగ బళ్లు నడుపుకునే యజమానులు 200 మందికి మించరాదని చట్టం చేసి, వారి అజమాయిషీని నగర పెద్దలకు అప్పగించింది. రాచరికం తిరిగి వచ్చాక 1662లో 400 బళ్లకు లైసెన్సులు ఇచ్చి, వాటిపై రుసుము వసూలు చేశారు. 1694 నాటికి ఆ సంఖ్య 700 అయింది. రుసుము వస్తోంది గనుక సంఖ్య పెరుగుతోంది. మన కార్యాలయాలలో మార్చి నెలాఖరుకు డిమాండు, వసూలు, బకాయి పట్టికలు వేసిన వారికి దీన్ని వివరించనక్కరలేదు.

ఈ బళ్లకు 'హాక్నీ' అనే పేరు బాడుగకు ఇచ్చే గుర్రం అన్న అర్థంలో వచ్చింది. నేటికీ ఇంగ్లండు చట్టంలో టాక్సీ పేరు 'హాక్నీ కారేజే'. వాడుకలో మాత్రం 'టాక్సీ' నిలిచింది. ప్రయాణించిన దూరాన్నీ, కాలాన్నీ బట్టి కిరాయి చూపే టాక్సీమీటరును లండనులో 1907లో తప్పనిసరి చేశారు. ఆ మీటరు పేరు నుంచే బండికి పేరు వచ్చింది.

1847 నాటి చట్టం

లండను బళ్ల అజమాయిషీ 1850లో పోలీసు కమిషనరు చేతికి పోయింది. తక్కిన పట్టణాల సంగతి వేరు. వాటి కోసం 1847లో పార్లమెంటు ఒక పట్టణ పోలీసు నిబంధనల చట్టం చేసింది. ఊరి పాలక వర్గమే బళ్లకూ, తోలేవాళ్లకూ లైసెన్సు ఇవ్వాలని అందులో ఉంది. గుర్రాలు పోయి నూరేళ్లు దాటినా, ఇంగ్లండు, వేల్సు పట్టణాల టాక్సీలకు నేటికీ ఆ చట్టమే మూలం.

దాని సెక్షన్లు చదువుతుంటే నాకు మా పాత కార్యాలయంలో కూర్చున్నట్టే అనిపించింది. లైసెన్సు లేకుండా బాడుగకు తిప్పితే జరిమానా. బండిలో ఎంతమంది ఎక్కవచ్చో ఆ సంఖ్య బండి మీద రాయించాలి. సరైన కారణం లేకుండా సవారీకి రానంటే జరిమానా. బండి కట్టించుకున్నవారి సమ్మతి లేకుండా ఇంకొకరిని ఎక్కించుకోరాదు. తాగి తోలితే శిక్ష. యజమాని దగ్గర పనిచేసినంత కాలం తోలేవాడి లైసెన్సు కాగితం యజమాని దగ్గర భద్రంగా ఉండాలి. కిరాయి రేట్లకూ, బిళ్లలు ధరించడానికీ, బండిలో మరచిపోయిన వస్తువులను భద్రపరచి తిరిగి అప్పగించడానికీ ఊరివారు ఉపనిబంధనలు చేసుకోవచ్చు.

ఆ చివరి అంశం చిన్నదిగా కనిపిస్తుంది గాని లైసెన్సు ప్రయోజనం అంతా అందులో ఉంది. 1970ల చివరలో నేను లైసెన్సు సెక్షను చూస్తున్న రోజుల్లో ఒక పెద్దావిడ రైలు దిగి రిక్షాలో ఇంటికి పోయి, ట్రంకు పెట్టె రిక్షాలోనే మరచిపోయింది. రిక్షా వెనుక రేకు మీది అంకెలు రెండు మాత్రం ఆమె మనవడికి గుర్తున్నాయి. ఆ రెండంకెలతో రిజిస్టరు తిరగేసి, ఐదారు పేర్లు ఏరి, జమేదారును పంపితే సాయంత్రానికి పెట్టె వచ్చింది. రిక్షా అతను దాన్ని తాళం కూడా కదపకుండా ఇంట్లో పెట్టి, ఎవరి పెట్టో తెలియక తిరుగుతున్నాడు. రిజిస్టరు లేకపోతే అతని నిజాయితీ కూడా ఆమెకు చేరేది కాదు. లైసెన్సు దొంగను పట్టుకోవడానికే అనుకుంటాం, మంచివాడిని గుర్తించడానికి కూడా అదే ఆధారం.

మన దేశానికి వచ్చిన దారి

ఇంగ్లండు పద్ధతి సముద్రం దాటి వచ్చింది. మన దేశంలో 1879లో హాక్నీ కారేజీల చట్టం అదే పేరుతో వెలువడింది. మద్రాసు రాష్ట్రం 1911లో తన సొంత చట్టం చేసుకుంది. మోటారు బండి వచ్చాక దారులు విడిపోయాయి. 1914 నాటి మోటారు వాహనాల చట్టం, ఆ తరువాత 1939 నాటి చట్టం మన మోటారు బాడుగ బళ్లను మునిసిపాలిటీల పరిధి నుంచి తప్పించి, రవాణా అధికార సంస్థల కిందకు తెచ్చాయి. అందుచేత మన దగ్గర టాక్సీ, ఆటో పర్మిట్లు ఆర్.టి.ఓ. కార్యాలయానికి వెళ్లాయి. జట్కా, రిక్షాలు మాత్రం ఊరి కార్యాలయానికి మిగిలాయి. 1988 చట్టం, 2019లో దానికి చేసిన సవరణలు కూడా ఇదే బాటలో నడిచాయి.

ఇంగ్లండులో మాత్రం మోటారు టాక్సీ కూడా ఊరి కౌన్సిలు చేతిలోనే ఉండిపోయింది. అక్కడ రెండు వందలకు పైగా కౌన్సిళ్లు ఎవరి ఊరికి వారు లైసెన్సులు ఇస్తాయి. ఊరి సంగతి ఊరివారికి తెలుస్తుందన్నది దీనిలోని మేలు. ఊరికొక నియమం అయిపోవడం దీనిలోని కీడు. ఈ రెండింటి మధ్య లాగులాటే తరువాతి చరిత్ర.

ఫోను చేస్తే వచ్చే బండి

పాత చట్టానికి చిక్కినది వీధిలో సవారీ కోసం నిలబడే, తిరిగే బండి మాత్రమే. ముందుగా మాట్లాడుకుంటే ఇంటికి వచ్చే బండి దానికి చిక్కలేదు. లండనులో 1961లో ఎర్రరంగు చిన్న రెనో కార్లతో 'మినీకాబ్' వ్యాపారం మొదలైంది. ఫోను చేస్తే ఇంటి ముందుకు వస్తుంది, కిరాయి తక్కువ. ఏళ్ల తరబడి వీధుల పేర్లు వల్లెవేసి పరీక్ష నెగ్గిన నల్ల టాక్సీ డ్రైవర్లు మండిపడ్డారు. చారింగ్ క్రాస్ చుట్టూ ఆరు మైళ్లలోని వీధులన్నీ కంఠతా వస్తేగాని లండను టాక్సీ డ్రైవరు కాలేడు. ఆ చదువుకు 'నాలెడ్జ్' అనే పేరు. అంత చదివినవాడి పక్కన, ఏ పరీక్షా లేనివాడు అదే పని చేస్తుంటే కోపం రాదా? అయితే అసలు లోపం ఆ కోపంలో కనబడదు. ఫోను చేస్తే వచ్చిన బండి తోలేవాడు ఎవరో, అతని పూర్వ చరిత్ర ఏమిటో చూసిన అధికారి ఎవరూ లేరు.

లండను వెలుపల ఈ ఖాళీని 1976 నాటి స్థానిక ప్రభుత్వ చట్టం పూడ్చింది. ఏ ఊరి కౌన్సిలు కోరుకుంటే ఆ ఊరు దాన్ని అమలులోకి తెచ్చుకోవచ్చు. దాదాపు అందరూ తెచ్చుకున్నారు. ప్లిమత్ నగరానికి మాత్రం 1975 నాటి సొంత చట్టం ఉంది. రాజధాని లండనుకు ఇటువంటి చట్టం 1998లో గాని రాలేదు. ముందుగా మాట్లాడుకునే బండికి చట్టంలో 'ప్రైవేట్ హైర్' అని పేరు పెట్టి, దానికి మూడు లైసెన్సులు విధించారు. బండికి ఒకటి, డ్రైవరుకు ఒకటి, ఫోను ఎత్తి బేరం కుదుర్చుకునే నిర్వాహకుడికి ఒకటి. మూడూ ఒకే కౌన్సిలు ఇచ్చినవై ఉండాలి. నిర్వాహకుడు ప్రతి బేరాన్నీ రికార్డు చేయాలి. ఎవరు పిలిచారు, ఏ బండి వెళ్లింది అన్నది అడిగినప్పుడు చూపించాలి.

రుసుము విషయంలో కూడా ఒక మంచి నియమం పెట్టారు. లైసెన్సు రుసుము కౌన్సిలుకు ఆదాయ మార్గం కాకూడదు, ఆ పనికి అయ్యే ఖర్చుకే సరిపోవాలి. బండి, నిర్వాహకుల రుసుము 25 పౌన్లు దాటిస్తే స్థానిక పత్రికలో ప్రకటించి, అభ్యంతరాలకు 28 రోజులు గడువు ఇవ్వాలి. ఖజానా కోసం పుట్టిన లైసెన్సుకు ఇది చాలా పెద్ద మార్పు.

'తగిన మనిషి' అంటే ఎవరు?

1976 చట్టంలోని ప్రాణం లాంటి మాట ఒకటి ఉంది. దరఖాస్తుదారు యోగ్యుడైన, తగిన మనిషి అని కౌన్సిలుకు నమ్మకం కుదిరితే తప్ప డ్రైవరు లైసెన్సు ఇవ్వరాదు. చదువరులు ఈ వాక్యం పొందికను గమనించాలి. అనర్హుడని కౌన్సిలు నిరూపించనక్కరలేదు. అర్హుడనని అతడే నమ్మించాలి. కాగితం మీద చిన్న తేడా. ఆచరణలో బరువంతా ఎటు పడుతుందో ఈ తేడాయే నిర్ణయిస్తుంది.

తగిన మనిషి అంటే ఏమిటో చట్టం నిర్వచించలేదు. 1998లో ఒక కేసు తీర్పులో ప్రధాన న్యాయమూర్తి బింగ్‌హామ్ దానికి అర్థం చెప్పారు. బండి జాగ్రత్తగా నడిపేవాడు, మద్యం మత్తు లేనివాడు, శరీర, మానసిక ఆరోగ్యం ఉన్నవాడు, నిజాయితీపరుడు, తన పనిని అదనుగా చేసుకుని ప్రయాణికుల మీద చెయ్యి చేసుకోనివాడు అయి ఉండాలన్నది ఆ మాటల సారాంశం. 2002లో లీడ్స్ నగరం కేసులో హైకోర్టు ఇంకొక అడుగు ముందుకు వేసింది. లైసెన్సు ఆపితే డ్రైవరు కుటుంబం గతి ఏమిటి అన్నది కౌన్సిలు తూచవలసిన విషయం కాదని చెప్పింది. చూడవలసింది ప్రజల క్షేమం ఒక్కటే.

ఈ తీర్పు చదివినప్పుడు నాకు చాలా సేపు మనసు స్థిమితపడలేదు. బల్లకు ఇవతల కూర్చున్నవారికి తెలుసు, అవతల నిలబడినవాడికి ఆ రేకు బిళ్ల అంటే ఇంట్లో పొయ్యి. రిక్షా తొక్కేవాడి బిళ్ల ఆపితే ఆ రోజు బియ్యం ఆగుతాయి. ఆ చెమట మీద మనకు గౌరవం ఉండాలి. ఐతే అతని రిక్షాలో రాత్రి రెండో ఆట సినిమా చూసి ఒంటరిగా ఇంటికి పోయే ఆడమనిషి మన బల్ల దగ్గరకు ఎన్నడూ రాదు. ఆమె దరఖాస్తు ఏదీ ఫైలులో ఉండదు. ఎదురుగా నిలబడినవాడి కన్నీరు కనబడుతుంది, కనబడని మనిషి భయం కనబడదు. ఆ కనబడని మనిషి తరఫున మాట్లాడవలసినవాడు ఎవరంటే ఫైలు నడిపే గుమాస్తాయే. కోర్టు చెప్పింది అదేనని నేను నిదానంగా గ్రహించాను. డ్రైవరుకు మాత్రం దిక్కు లేకుండా చేయలేదు. కౌన్సిలు కాదంటే 21 రోజులలో మేజిస్ట్రేటు కోర్టుకు అప్పీలు చేసుకోవచ్చు.

రాథర్‌హామ్ నేర్పిన పాఠం

ఈ నియమాలన్నీ కాగితం మీద ఉండగానే ఉత్తర ఇంగ్లండులోని రాథర్‌హామ్ పట్టణంలో ఘోరం జరిగింది. 2014 ఆగస్టులో ప్రొఫెసర్ అలెక్సిస్ జే విచారణ నివేదిక వెలువడింది. 1997 నుంచి 2013 వరకు ఆ ఊరిలో సుమారు 1,400 మంది పిల్లలు లైంగిక దోపిడీకి గురయ్యారని ఆమె అంచనా. ఈ నేరాలలో కొందరు టాక్సీ డ్రైవర్ల పాత్ర ప్రముఖంగా కనబడిందని నివేదిక చెప్పింది. పిల్లలను బళ్లలో ఎక్కించుకుని ఒక చోటి నుంచి ఇంకొక చోటికి చేరవేశారు. 2015 ఫిబ్రవరిలో లూయీజ్ కేసీ గారి తనిఖీ నివేదిక వచ్చింది. తగినవారికి మాత్రమే టాక్సీ లైసెన్సు దక్కేటట్టు చూడడంలో ఆ కౌన్సిలు విఫలమైందని అందులో తేల్చారు. కేంద్ర ప్రభుత్వం కౌన్సిలు అధికారాలను, లైసెన్సింగుతో సహా, తాను నియమించిన కమిషనర్లకు అప్పగించింది. ఆ ఏడాదే కొత్త నియమావళి వచ్చింది. బండి లోపల కెమెరా తప్పనిసరి అయింది.

చట్టంలో లోపం ఉండి ఇది జరగలేదు. 1976 నాటి మాట అప్పటికే ఉంది. ఫిర్యాదు వచ్చింది, ఫైలు కదలలేదు. అనుమానం కలిగింది, ఎవరూ రాయలేదు. ఒక ఊరిలో లైసెన్సు రద్దయినవాడు పక్క ఊరిలో దరఖాస్తు పెట్టుకుంటే, అడిగే పద్ధతి సరిగా లేదు. ఊరిలో నిజాయితీగా బతుకుతున్న వందలాది డ్రైవర్లకు కూడా ఈ పేరు అంటింది. తనిఖీ సడలితే మొదట నష్టపోయేది పసిపిల్ల, ఆ తరువాత నష్టపోయేది మంచి డ్రైవరు.

అదే 2014 డిసెంబరులో మన దేశ రాజధాని ఢిల్లీలో, ఫోను యాప్ ద్వారా పిలిచిన టాక్సీలో ఒక యువతిపై డ్రైవరు అత్యాచారం చేశాడు. అతని మీద అంతకు ముందే కేసులు ఉన్నాయి. అతను చూపిన పోలీసు నడవడి ధ్రువపత్రం నకిలీదని తేలింది. 2015లో అతనికి యావజ్జీవ శిక్ష పడింది. రాథర్‌హామ్‌లో కౌన్సిలు ఉంది, ఢిల్లీలో రవాణా శాఖ ఉంది. పద్ధతి ఏదైనా, కాగితం నిజమైనదో కాదో ఒక మనిషి కూర్చుని సరిచూడకపోతే ఫలితం ఒక్కటే. యాప్ కంపెనీలకు కూడా లైసెన్సు ఉండాలని మన చట్టంలో 2019లో చేర్చారు. 2020 నవంబరులో మార్గదర్శకాలు ఇచ్చి, 2025 జూలైలో వాటిని మార్చి మళ్లీ ఇచ్చారు.

సరిచూసే పని ఎలా బిగిసింది

రాథర్‌హామ్ తరువాత ఇంగ్లండు నియమాలు బిగిశాయి. 2020 జూలైలో ప్రభుత్వం కౌన్సిళ్లన్నిటికీ ప్రమాణాలు జారీ చేసింది. డ్రైవరు నేర చరిత్రను ఆరు నెలలకొకసారి పరిశీలించాలి. లైంగిక నేరం ఉన్నవారికి లైసెన్సు ఎన్నటికీ ఇవ్వరాదు. హింసా నేరమైతే శిక్ష ముగిసిన పదేళ్ల దాకా, మోసమైతే ఏడేళ్ల దాకా ఇవ్వరాదు. తాగి నడిపినవారికి కూడా ఏడేళ్లు. అన్నిటికన్నా నన్ను ఆకట్టుకున్నది అందులో కౌన్సిలు తనకు తాను వేసుకోవలసిన ప్రశ్న. మీకు కావలసిన మనిషిని, ఏ స్థితిలో ఉన్నా, ఏ వేళలోనైనా, ఈ డ్రైవరుతో ఒంటరిగా పంపుతారా అని దాని భావం. పంపనన్న వైపు మనసు మొగ్గితే లైసెన్సు లేదు. సందేహ లాభం దరఖాస్తుదారుకు ఇవ్వకూడదు.

2022లో ఇంకొక చట్టం వచ్చింది. ఒక కౌన్సిలు ఎవరికైనా లైసెన్సు నిరాకరించినా, నిలిపినా, రద్దు చేసినా ఆ సంగతిని దేశమంతటికీ ఉమ్మడిగా ఉన్న రిజిస్టరులో ఎక్కించాలి. లైసెన్సు ఇచ్చే ముందు ప్రతి కౌన్సిలూ ఆ రిజిస్టరు చూడాలి. 2023 ఏప్రిల్ నుంచి ఇది తప్పనిసరి అయింది. 1654 నుంచి లెక్క వేస్తే, ఒక ఊరి రిజిస్టరు ఇంకొక ఊరి రిజిస్టరుతో మాట్లాడడానికి మూడు వందల అరవై తొమ్మిది ఏళ్లు పట్టిందన్నమాట.

సరిహద్దు చిక్కు

ఇంకా తీరని చిక్కు ఒకటుంది. ప్రైవేట్ హైర్ బండికి మూడు లైసెన్సులూ ఒకే ఊరివి ఉంటే చాలు, ఆ బండి దేశంలో ఏ ఊరిలోనైనా తిరిగి బేరం చేసుకోవచ్చు. ఒక ఊరి నిర్వాహకుడు తన బేరాన్ని వేరే ఊరి నిర్వాహకుడికి అప్పగించడానికి కూడా 2015 చట్టం వీలు కల్పించింది. దీనితో డ్రైవర్లు తమ ఊరిలో రుసుము, జాప్యం, షరతులు ఎక్కువని తోస్తే వేరే ఊరి లైసెన్సు తెచ్చుకోసాగారు. వుల్వర్‌హాంప్టన్ నగరం ఈ విధంగా దేశమంతటి డ్రైవర్లకూ లైసెన్సులు ఇవ్వడంలో పేరుపడింది. ఆ నగరం తన తనిఖీలు గట్టివేనని చెబుతుంది. అయినా డ్రైవరు తిరిగే ఊరు ఒకటి, అతని ఫైలు ఉన్న ఊరు ఒకటి. 2022 చట్టం కొంత ఉపశమనం కలిగించింది. వేరే ఊరి డ్రైవరు మీద తీవ్రమైన అనుమానం కలిగితే పది పనిదినాలలో ఆ డ్రైవరుకు లైసెన్సు ఇచ్చిన కౌన్సిలుకు తెలియజేయాలి, ఆ కౌన్సిలు ఇరవై పనిదినాలలో తేల్చి చెప్పాలి. 2025 జూన్‌లో కేసీ గారే ఇంకొక నివేదికలో ఈ సందును మూసివేయాలని సిఫారసు చేశారు. ప్రభుత్వం అంగీకరించింది.

డ్రైవరు గోడు

డ్రైవరు పక్షం చెప్పకపోతే వ్యాసం అన్యాయమవుతుంది. కొన్ని ఊళ్లలో టాక్సీల సంఖ్యకు పరిమితి ఉంది. 1985 చట్టం ప్రకారం, ప్రజలకు తీరని అవసరం పెద్దగా ఏదీ లేదని తేలితేనే ఆ పరిమితి చెల్లుతుంది. పరిమితి ఉన్న చోట బిళ్లకు వెల వస్తుంది. కొన్నవాడు దాన్ని అద్దెకు ఇస్తాడు. తోలేవాడు రోజంతా కష్టపడి అద్దె కడతాడు. మా రోజుల్లోనూ బిళ్ల ఒకరి పేర, రిక్షా ఒకరిది, తొక్కే కాళ్లు ఇంకొకరివి. లైసెన్సు రిజిస్టరులో ఆ మూడోవాడి పేరు వెతికినా దొరికేది కాదు.

ఈ మూడోవాడికి ఇంగ్లండులో 2021 ఫిబ్రవరి 19న కొంత న్యాయం జరిగింది. ఊబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారని, కనీస వేతనానికీ, జీతంతో కూడిన సెలవులకూ హక్కున్న పనివారని అక్కడి సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు చర్చలో లైసెన్సు చట్టం కూడా వచ్చింది. లండనులో బేరాన్ని ఒప్పుకునే అధికారం లైసెన్సు ఉన్న నిర్వాహకుడిదే అయినప్పుడు, మేము మధ్యవర్తులం మాత్రమే అన్న వాదన నిలవడం కష్టం. ప్రయాణికుడి కోసం పెట్టిన నియమం డ్రైవరుకు కూడా అండగా నిలిచింది.

విదేశం వెళ్లే మిత్రులకు

పిల్లల దగ్గరకు వెళ్లే సభ్యులకు నాలుగు మాటలు. వీధిలో చెయ్యి ఎత్తి పిలవవలసింది నెత్తిన 'టాక్సీ' బోర్డు ఉన్న బండినే. ప్రైవేట్ హైర్ బండి ముందుగా మాట్లాడుకుంటేనే ఎక్కాలి. మాట్లాడుకోకుండా ఎక్కితే ప్రమాదం జరిగినప్పుడు బీమా వర్తించకపోవచ్చు. టాక్సీ కిరాయి కౌన్సిలు నిర్ణయించిన రేటుపై మీటరు చూపుతుంది. ప్రైవేట్ హైర్ కిరాయి నిర్వాహకుడు చెప్పేది, ముందే అడగండి. బండి మీది లైసెన్సు పలక, డ్రైవరు మెడలోని బిళ్ల చూసి, నంబరు గుర్తు పెట్టుకోండి. ఫిర్యాదు చేయవలసింది ఆ పలక మీద పేరున్న కౌన్సిలుకే. చక్రాల కుర్చీలో తిరిగే మన మిత్రులకు ఇంకొక మాట. 2022 నుంచి అక్కడ అంగవైకల్యం ఉన్నవారి దగ్గర అదనపు కిరాయి తీసుకోకూడదు, తగిన సాయం కూడా చేయాలి. మొహమాటపడకుండా అడగండి.

మన దగ్గర కూడా రాత్రివేళ మనవరాలు ఆటో ఎక్కితే నంబరు ఫోనులో పంపమంటాం. ఆ నంబరు వెనుక ఎక్కడో ఒక రిజిస్టరు ఉందనీ, దాన్ని ఎవరో సరిచూసి సంతకం పెట్టారనీ మన నమ్మకం. ఇప్పుడు ఆ కుర్చీలలో కూర్చున్న చిరంజీవులు, మన సభ్యుల పిల్లలూ, మేనల్లుళ్లూ కొందరు ఈ సంచిక చదువుతారని తెలుసు. వారితో ఒక మాట చెప్పుకోవాలని ఉంది. ధ్రువపత్రం జత చేశారా అని చూడడంతో పని ముగియదు, అది ఇచ్చిన కార్యాలయానికి ఒక ఉత్తరం రాసి అడగండి. ఆలస్యమైతే దరఖాస్తుదారు విసుక్కుంటాడు, పైవారు మెమో కూడా ఇవ్వవచ్చు. ఇచ్చినా ఫరవాలేదు, అడగండి.